పిక్కలకు కప్పింగ్ చేయించుకోనా?

ప్రశ్న: నా వయసు 38, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. ఆర్నెల్లుగా ఆదివారాలు కబ్బన్ పార్కులో పరిగెడుతున్నాను. ఇంకో మూడు వారాల్లో పది కిలోమీటర్ల పరుగుంది, పిక్కలేమో రాళ్లలా పట్టేస్తున్నాయి. మా బ్యాచ్‌లో ఇద్దరు కప్పింగ్ (చర్మం మీద కప్పులు బోర్లించి గాలి లాగేసే చికిత్స) చేయించుకుని కాళ్లు తేలికయ్యాయి, స్పీడూ పెరిగిందంటున్నారు. నేనూ చేయించుకోనా?

జవాబు: స్పీడు కోసమైతే వద్దండీ. కప్పులోంచి గాలి లాగేసినప్పుడు చర్మం పైకి ఉబ్బి, సన్నటి రక్తనాళాలు చిట్లి, నేరేడుపండు రంగు మచ్చ పడుతుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద లోకమంతా చూసింది వాటినే. చెడు రక్తం బయటికొచ్చిందని చెబుతారు గానీ నమ్మకండి, అది కమిలిన చర్మమే, వారం పది రోజుల్లో పోతుంది. కొందరికి నొప్పి కొద్ది రోజులు తగ్గుతుంది, అది నిజమే. పరుగు వేగం పెరుగుతుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు.

నాకు టెన్షన్ అసలు మీ నొప్పి గురించే. కుర్చీలో కూర్చుని మోకాలి కింద నుంచి చీలమండ దాకా ముంగాలి ఎముక మీద వేలితో నొక్కుతూ రండి. రూపాయి బిళ్లంత చోట మాత్రమే చురుక్కుమంటే, ఒంటికాలి మీద గెంతినప్పుడూ అక్కడే నొప్పి పుడితే, ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు. పరుగు ఆపేసి ఎముకల డాక్టర్‌ని కలవండి. ఒక్క పిక్కే వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, దాని మీద కప్పు పెట్టించుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఇవేవీ లేకుండా రెండు పిక్కలూ ఒకేలా పట్టేస్తుంటే చాలావరకు కండరాల అలసటే. ఈ వారం దూరం తగ్గించండి, రోజూ ఏడెనిమిది గంటలు నిద్రపోండి. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, గోడ పట్టుకుని, మడమలు మెల్లగా దించి లేపండి, నొప్పి ఎక్కువైతే ఆపేయండి.

అయినా కప్పింగ్ మీద మనసు లాగుతోందా? అయితే ఫిజియోథెరపిస్టు దగ్గరే, మంట పెట్టే కప్పులు కాకుండా పంపుతో గాలి తీసేవే పెట్టించుకోండి. గాట్లు పెట్టి రక్తం తీసే రకం వద్దే వద్దు. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నా, కాళ్లలో నరాలు ఉబ్బి ఉన్నా ముందే చెప్పండి. పరుగుకు ముందు వారంలో మాత్రం వద్దు, కమిలిన పిక్కతో పది కిలోమీటర్లు చాలా కష్టం.