కరెంటు స్తంభం మీద ఆస్ప్రే గద్ద (చేపలు పట్టి తినే పెద్ద గద్ద) గూడు కడుతోంది, పుల్లలు తీసేస్తే పోతుందా?

పోదు. మీరు పుల్లలు తీసేసి కిందికి దిగేలోపే ఇంకొకటి తెస్తుంది. ఒకసారి చోటు నచ్చిందంటే ఏటేటా అక్కడికే వచ్చి పాత గూటి మీదే కొత్త పుల్లలు పేర్చే పక్షి అది. నీళ్ళ దగ్గర ఎత్తయిన ఎండు చెట్లన్నీ కొట్టేశాం, ఇక దానికి మిగిలింది స్తంభమే కదా.

మా ఇంటి వెనక చెరువు గట్టున ఇదే జరిగింది. కరెంటు వాళ్ళు గూడు పీకేసి, మళ్ళీ వాలకుండా అడ్డపట్టీ మీద ప్లాస్టిక్ ముళ్ళు బిగించారు. అంతకుముందు జారిపోయే పుల్లలు ఆ ముళ్ళ మధ్య చక్కగా ఇరుక్కున్నాయి! ముసురు పట్టిన రోజు తడి పుల్ల ఒకటి రెండు తీగల మీద అడ్డంగా పడి ఠప్పున పేలింది. ఊరంతా చీకటి. అందరూ గద్దనే తిట్టారు, నాకు ఒళ్ళు మండిపోయింది. రెక్కలు చాస్తే దాదాపు అయిదారు అడుగులుండే పక్షి అది. ఒక్క తీగ మీద వాలితే ఏమీ కాదు. రెక్కలు ఒకేసారి రెండు తీగలకు తగిలాయా, ప్రాణం పోయినట్టే. జర్మనీలో చాలా ఆస్ప్రే జంటలు పెద్ద కరెంటు టవర్ల మీదే పిల్లల్ని పెంచుతున్నాయి, ఆ టవర్లకు తీగల మధ్య దూరం ఎక్కువ కాబట్టి.

చివరికి పక్షులు వలస వెళ్ళాక, గట్టు మీదే కాస్త ఎడంగా, తీగలు లేని ఇంకో స్తంభం పాతారు. పాతదానికన్నా ఎత్తు. పైన నీళ్ళు నిలవకుండా సందులు వదిలిన మూడు నాలుగు అడుగుల చెక్క వేదిక, దాని మీద పాత గూటి పుల్లలే కొన్ని. మరుసటి ఏడాది జంట నేరుగా దాని మీదే వాలింది. ముళ్ళకు పెట్టిన డబ్బు ముందే దీనికి పెట్టాల్సింది.

మీరు మాత్రం స్తంభం ఎక్కకండి, కరెంటు ఆఫీసుకు చెప్పి వేదిక అడగండి. గుడ్లు పెట్టేసి ఉంటే ఇప్పుడు కదిలించొద్దనీ చెప్పండి. పొదగడానికి అయిదారు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో ఏడెనిమిది వారాలు పడుతుంది. చాలా దేశాల్లో అనుమతి లేకుండా అలాంటి గూడు ముట్టుకోవడం నేరం కూడా.

ఇంకోటి, గడ్డిమోపులు కట్టే ప్లాస్టిక్ తాళ్ళు, తెగిన గాలం దారాలు గట్టు మీద పారేసే వాళ్ళకు ఎవరైనా గట్టిగా చెప్పాలి. ఈ పక్షులు వాటిని గూట్లోకి తెచ్చుకుంటాయి, పిల్లల కాళ్ళకు చుట్టుకుని ఎగరలేక చచ్చిపోతాయి. వేదిక కట్టించినంత మాత్రాన ఆ బాధ తీరదు. మీ చెరువు దగ్గర కనిపించినవన్నీ పక్షులు రాకముందే ఏరేయండి.