ఐపీ67 ఉందని ప్రెషర్ వాషర్ పట్టవచ్చా?

ప్రశ్న: కారు వెనక తగిలించుకుని వెళ్లే క్యాంపర్ ట్రైలర్ ఉంది. కప్పు మీద రెండు సోలార్ ప్యానెళ్లు, వెనక ఒక కెమెరా బిగించాను. కెమెరా మీదా, ప్యానెళ్ల కనెక్టర్ల మీదా ఐపీ67 అని ఉంది. కొత్తగా 130 బార్ల ప్రెషర్ వాషర్ కొన్నాను. బయటంతా దీనితోనే కడిగేయవచ్చా?

జవాబు: ఆ 67ను చూసుకుని అంత ధైర్యం చేయకండి. ఐపీ అంటే దుమ్మునూ, నీటినీ పరికరం ఎంతవరకు ఆపగలదో చెప్పే గుర్తు. అందులో మొదటి అంకె 6 దుమ్ముకు, రెండో అంకె 7 నీటికి. పరికరాన్ని మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా చెడిపోయేంత నీరు లోపలికి దిగదని ఆ 7కు అర్థం. అదీ కదలకుండా నిలిచి ఉన్న నీటిలో. ధారగా కొట్టే నీటికి పరీక్షలు వేరు. నీటి అంకెగా 6 రావాలంటే 12.5 మిల్లీమీటర్ల నాజిల్‌తో రెండున్నర నుంచి మూడు మీటర్ల దూరం నుంచి నిమిషానికి 100 లీటర్ల నీరు కొట్టి చూస్తారు. 7 పెద్ద అంకె కదా, 6 అందులోనే కలిసి ఉంటుందని అందరం అనుకుంటాం. కలిసి ఉండదు. 6 నుంచి 7కు వెళ్లడం పై తరగతికి వెళ్లడం కాదు, వేరే బడిలో చేరడం. రెండు పరీక్షలూ నెగ్గిన వస్తువైతే రెండు అంకెలూ విడివిడిగా వేస్తారు. మీ వాషర్ స్థాయి ఒత్తిడికి దగ్గరగా వచ్చేది 9 ఒక్కటే. అందులో 80 డిగ్రీల వేడి నీటిని 80 నుంచి 100 బార్ల ఒత్తిడితో అతి దగ్గర నుంచి కొడతారు.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. ఒకసారి నా ట్రైలర్ కడిగిన మర్నాడు రివర్స్ గేరు వేస్తే తెర మీద పాలు ఒలికినట్టు తెల్లటి మసక. దిగి చూస్తే కెమెరా అద్దానికి లోపలి వైపు ఆవగింజలంత నీటి చుక్కలు. తుడుద్దామంటే వేలు పోదు. మధ్యాహ్నం ఎండకు మాయమయ్యేవి, రాత్రి చల్లబడగానే మళ్లీ ప్రత్యక్షం. నెల తిరక్కుండా కెమెరా మార్చాల్సి వచ్చింది.

నిజానికి కెమెరా పోతే కెమెరాతోనే పోతుంది. గోడల అతుకుల్లోని సీలెంటు లేస్తే నీరు లోపలికి చేరి చెక్క చీకిపోతుంది, బయటికి కనిపించేసరికి ఆలస్యమవుతుంది. కిటికీల రబ్బరు అంచులు, స్టిక్కర్ల చివరలు, ఫ్రిజ్ గాలి జాలీలు, చక్రాల బేరింగులు, వీటన్నిటికీ వాషర్‌ను దూరంగా ఉంచండి. టైర్లకూ, అడుగున పట్టిన బురదకూ వాడుకోండి, అదీ 40 డిగ్రీల వెడల్పు నాజిల్‌తో, కాస్త ఎడంగా నిలబడి.

మిగతాదంతా మామూలు నీళ్ల పైపు, పొడవు పిడి ఉన్న మెత్తటి బ్రష్, కార్ల షాంపూ. గిన్నెలు తోమే ద్రవం వద్దు, మైనపు పూతను లాగేస్తుంది. ముందుగా కరెంటు తీగ తీసేసి, కిటికీలు మూసి, గోడలు తడపండి. తరువాత కప్పు, ఆపైన గోడలు. గోడలు పొడిగా ఉంటే కప్పు నుంచి కారే మురికి చారలై అంటుకుంటుంది. సోలార్ ప్యానెళ్లను పొద్దున్నే కడగండి. మండుతున్న అద్దం మీద చల్లటి నీరు పోస్తే అది పగిలే ప్రమాదం ఉంది. కిటికీలు యాక్రిలిక్‌వైతే అమ్మోనియా కలిసిన అద్దాల క్లీనర్ తగలనీయకండి, వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి.

ప్రశ్న: ట్రైలర్ కడిగాక బ్రేకు లైట్లు వెలగడం లేదు. ఫ్యూజు పోయిందంటారా?

జవాబు: ఫ్యూజు దాకా వెళ్లేముందు కారుకు తగిలించే ప్లగ్గు చూడండి. కడిగేటప్పుడు అది నోరు పైకి పెట్టుకుని ఉంటే గిన్నెలా నీరు పట్టి ఉంటుంది. దులిపి, బాగా ఆరనివ్వండి. పిన్నుల మీద ఆకుపచ్చటి చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, చిన్న బ్రష్‌తో రుద్దండి. అప్పటికీ వెలగకపోతే అప్పుడు ఫ్యూజు. ఈసారి కడిగేటప్పుడు ప్లగ్గుకు ప్లాస్టిక్ సంచి చుట్టి, నోరు కిందికి ఉండేలా వేలాడదీయండి.