కొత్తగా లైఫ్ కోచింగ్ మొదలుపెట్టినవాళ్లకు తోటి కోచ్‌ల గ్రూపు నిజంగా పనికొస్తుందా?

పనికొస్తుంది, కానీ మీరనుకుంటున్న పనికి కాదు. "ఒకరికొకరం క్లయింట్లను పంపుకోవచ్చు కదా" అని మీ ప్రశ్నలో రాశారు. రెండేళ్లలో నాకు అలా వచ్చింది ఒకే ఒక్కాయన. మొదటి సెషన్ ఫ్రీ అని వచ్చాడు, రెండోదానికి ఫోన్ ఎత్తలేదు.

మాది విజయవాడ, పటమట. ఈ ఊళ్లో కోచింగ్ అంటే "ఇంటరా, నీటా?" అనే అడుగుతారు. నేనే సబ్జెక్టు చెబుతానో మా మేనత్తకి ఇప్పటికీ తేలలేదు. లైఫ్ కోచింగ్‌లో సబ్జెక్టూ ఉండదు, సలహాలూ ఉండవు; ప్రశ్నలడిగి, దారి అవతలివాళ్లే వెతుక్కునేలా చూడటమే.

శిక్షణ అయ్యాక మా బ్యాచ్‌లో ముగ్గురం మిగిలాం. నేను, గుంటూరు నుంచి ఒక అక్క, మెడికల్ రెప్‌గా చేసి మానేసిన ఒక తమ్ముడు. నెలకు రెండు ఆదివారాలు కలిసేవాళ్లం, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. ఒకరు కోచ్, ఒకరు క్లయింటు, మూడోవాళ్లు నోరెత్తకుండా చూసి రాసుకోవాలి.

ఒక ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో, రద్దీ తగ్గాక ఒక టిఫిన్ హోటల్ మేడమీద కూర్చున్నాం. అక్క క్లయింటు. ఫీజు చెప్పాల్సి వస్తే గొంతు పెగలదు, అదీ ఆవిడ సమస్య. ఇరవై నిమిషాలు ఇరగదీశాననుకున్నాను. తమ్ముడు ఏమీ అనకుండా టిఫిన్ బిల్లు వెనక్కి తిప్పి నా ముందుకు జరిపాడు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, అలాంటి కట్టలు మూడు, పక్కన విడిగా మరో రెండు గీతలు. మధ్య కట్ట మీద అల్లం చట్నీ మరక.

"అన్నా, 'నువ్వేం చెయ్యాలంటే' అని పదిహేడు సార్లు అన్నావు."

ఒళ్లు మండింది. పోయినసారి వాడు చేసిన తప్పులన్నీ ఏకరువు పెట్టాను. అక్క కాఫీ తాగుతూ, "సలహాలకైతే మా ఆయన ఉన్నాడు కదరా, అడక్కుండానే ఇస్తాడు" అంది. దాంతో నా నోరు పడిపోయింది.

క్లయింటు ఇలా మొహం మీద చెప్పడు. "చాలా బావుందండీ" అని వెళ్లిపోతాడు, మళ్లీ రాడు. అందుకే నలుగురికి మించితే గ్రూపు వద్దంటాను. ఐదోవాడు వచ్చాడంటే అది సంఘం అవుతుంది, అధ్యక్షుడు కావాల్సి వస్తాడు. రెండొందల మంది ఉండే వాట్సాప్ గ్రూపుల సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున గులాబీలు, సాయంత్రం "నెలకు లక్ష సంపాదించండి" వెబినార్. క్లయింట్లు దొరకని కోచ్‌లే ఆ వెబినార్ వాళ్లకి క్లయింట్లు.

ఇంకో లాభం ఉంది. కోచ్‌లకు సర్టిఫికెట్లిచ్చే అంతర్జాతీయ సంస్థ ఐసీఎఫ్. దాని మొదటి సర్టిఫికెట్ ఏసీసీకి కనీసం 100 గంటల కోచింగ్ చూపించాలి, అందులో కనీసం 75 పెయిడ్. డబ్బుకు బదులు సేవ ఇచ్చిపుచ్చుకున్నా పెయిడ్ కిందే రాసుకోవచ్చు. మేం ఒకరికొకరం చేసుకున్న గంటలు అలా కలిసొచ్చాయి. 10 గంటల మెంటర్ కోచింగ్‌కి, అంటే సర్టిఫికెట్ ఉన్న కోచ్ మన కోచింగ్ చూసి దిద్దడానికి, మాత్రం ఈ గంటలు పనికిరావు, అక్కడ జేబుకి చిల్లే.

ఒక్క జాగ్రత్త. క్లయింటు సంగతులు గ్రూపులో చెప్పకండి, మీ సంగతే చెప్పుకోండి. "ఆటోనగర్, రెండు షాపులు, తమ్ముడితో గొడవ" అంటే చాలు, ఇక్కడ పేరుతో పనుండదు.

ఆ రోజు అక్కతో "సెషన్‌కి రెండు వేలండీ" అనిపించి, ఆ తర్వాత నోరు మూసుకోవడం ప్రాక్టీస్ చేయించాం. నాక్కూడా అదే రోగం. ఫీజు చెప్పీ చెప్పగానే "కావాలంటే తగ్గిస్తాలెండి" అని నేనే అనేవాణ్ణి.

మరుసటి వారం ఒక పెద్దాయనకి రెండు వేలని చెప్పి, టేబుల్ అంచు పట్టుకుని కూర్చున్నాను. ఆయన ఫ్యాన్ వంక చూశాడు. ఫోన్ చూసుకున్నాడు. మళ్లీ ఫ్యాన్ వంక చూశాడు.

"జీఎస్టీ కలిపేనా?" అన్నాడు.