టెక్ సందేహాలు: పన్నెండో లెవెల్‌లో ఆ నీడ చావడం లేదు

ప్రశ్న: మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. ఇంటర్ అయ్యాక నల్గొండ గడియారం సెంటర్ దగ్గర కంప్యూటర్ కోర్సు చేసే రోజుల్లో 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' ఆడేవాళ్లం. మూడో లెవెల్‌లో అస్థిపంజరం దగ్గరే నా ఆట ఆగిపోయేది. ఈ మధ్య ల్యాప్‌టాప్‌లో డాస్‌బాక్స్ (పాత డాస్ ఆటలను ఇప్పటి కంప్యూటర్లలో నడిపే ప్రోగ్రామ్) వేసుకుని మళ్లీ పట్టుబట్టాను. పన్నెండో లెవెల్ దాకా వచ్చాను. అక్కడ అచ్చం నాలాగే ఉండే నీడ మనిషి ఎదురొస్తున్నాడు. వాడిని పొడిస్తే నా ప్రాణం తగ్గుతోంది, వాడు చస్తే నేనూ చస్తున్నాను. నా కాపీలో ఏమైనా లోపం ఉందా? పైగా కొట్లాట మధ్యలో విండోస్ వాళ్ల బాక్స్ ఒకటి అడ్డం పడుతోంది.

జవాబు: లోపమేమీ లేదు, మీ కాపీ సరిగ్గానే ఉంది. మీరు నిలబడి ఉన్నది ఆ ఆట మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోట. జోర్డాన్ మెక్నర్ దీన్ని 1989లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం విడుదల చేశారు. అంత చిన్న మెషీన్‌లో ఇంత ఆలోచన ఎలా పట్టించారా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

నాలుగో లెవెల్ ఒకసారి గుర్తు చేసుకోండి. దారికి అడ్డంగా ఒక అద్దం నిలబడితే, మీరు పరిగెత్తుకుంటూ వచ్చి దాని గుండా దూకారు. అప్పుడే అవతలి వైపు నుంచి ఒకడు దూకి పారిపోయాడు, మీ ప్రాణం ఒక్క గీతకు పడిపోయింది. ఐదో లెవెల్‌లో మీరు తాగాల్సిన మందు తాగేసినవాడు, ఆరో లెవెల్‌లో గేటు మూసి మిమ్మల్ని కిందికి పడేసినవాడు, ఇప్పుడు ఎదురుగా ఉన్నవాడు ఒక్కడే. వాడు మీలోంచి వచ్చినవాడు. అందుకే వాడికి తగిలిన దెబ్బ మీకు తగులుతోంది.

ఇక్కడిదాకా చదివి, మిగతాది నేనే తేల్చుకుంటాను అనిపిస్తే తర్వాతి పేరా వదిలేయండి. నిజంగా వదిలేయమనే నా సలహా.

చేయాల్సింది ఇది. కత్తి ఒరలో పెట్టేయండి, డౌన్ యారో నొక్కితే చాలు. వాడూ పెట్టేస్తాడు. అప్పుడు వాడికి ఎదురుగా వెళ్లండి, ఇద్దరూ ఒక్కటైపోతారు. ఆ తర్వాత ముందు ఖాళీగా కనిపించిన చోట భయపడకుండా పరిగెత్తండి, మీ కాళ్ల కింద రాళ్లు వాటంతట అవే ఏర్పడతాయి. అవతల ఈ ఆట విలన్ జాఫర్ ఉంటాడు. వాడితో మాత్రం కత్తి తీయక తప్పదు. వాడు పొడవగానే అప్ యారోతో అడ్డుకుని, వెంటనే షిఫ్ట్‌తో తిరిగి పొడవండి. తొందరపడి వరసగా షిఫ్ట్ కొడుతూ పోతే వాడిదే పైచేయి అవుతుంది.

ఇక మీకు అడ్డం పడుతున్న ఆ బాక్స్ పేరు స్టిక్కీ కీస్. షిఫ్ట్‌ను వరసగా 5 సార్లు నొక్కితే విండోస్ దాన్ని తెరుస్తుంది. ఈ ఆటలో కత్తి పోటుకు కీ అదే కాబట్టి రాక మానదు. విండోస్ 11లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కీబోర్డ్ లోకి వెళ్లి స్టిక్కీ కీస్ షార్ట్‌కట్‌ను ఆఫ్ చేయండి. పక్కనే ఫిల్టర్ కీస్ షార్ట్‌కట్ ఉంటుంది, అదీ ఆఫ్ చేయండి. కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు పట్టుకుంటే అది లేస్తుంది. గోడ అంచు పట్టుకుని వేలాడేటప్పుడు అలా పట్టుకునే ఉంటాం కదా. అది ఆన్ అయితే కీలు నెమ్మదిగా పనిచేస్తాయి, తప్పు మన వేళ్లదే అనుకుంటాం.

మీరు అడగలేదు గానీ, టైం సంగతి కూడా చెప్పాలి. మొత్తం ఆటకు 60 నిమిషాలే. ఎన్నిసార్లు చచ్చినా లెవెల్ మొదటి నుంచి ఆడనిస్తుంది, గడియారం మాత్రం ఆగదు. స్పేస్ నొక్కితే ఎంత మిగిలిందో చూపిస్తుంది. మూడో లెవెల్ నుంచి కంట్రోల్, జీ నొక్కి సేవ్ చేసుకోవచ్చు, కానీ మిగిలిన టైం కూడా దాంతోపాటే సేవ్ అవుతుంది. పన్నెండో లెవెల్‌కు మూడు నాలుగు నిమిషాలతో వచ్చి ఉంటే జాఫర్ దగ్గర టెన్షన్ తప్పదు. ఆట ఒక్క సేవ్ ఫైలునే ఉంచుతుంది కాబట్టి, బాగా ఆడిన ప్రతి లెవెల్ తర్వాత దాన్ని వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. టైం చాలకపోతే ఏడో లెవెల్ కాపీనో ఎనిమిదో లెవెల్ కాపీనో వెనక్కి తెచ్చుకుని అక్కడి నుంచి వేగంగా రావచ్చు. డాస్‌బాక్స్‌లో కంట్రోల్, ఎఫ్9 జోలికి మాత్రం పోకండి. ఒక్క మాట అడగకుండా మొత్తం మూసేస్తుంది.

లెవెళ్లు దాటించే చీట్ ఉంది, మీకు తెలిసే ఉంటుంది. మీకు దాంతో పని లేదు. మూడో లెవెల్ అస్థిపంజరం ఎంత కొట్టినా చావదు, వెనక్కి నెట్టుకుంటూ వెళ్లి గోతిలో పడేయాలి. అది దాటారంటే కొట్లాట ఒక్కటే దారి కాదని మీరు అప్పుడే కనిపెట్టారు. మిగిలింది ఒక్క మెట్టే, మీ చేతులతోనే ఎక్కండి.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. 'జీటీఏ వైస్ సిటీ'లో రిమోట్ హెలికాప్టర్‌తో బాంబులు పెట్టే మిషన్ నా ల్యాప్‌టాప్‌లో అసలు అవ్వట్లేదు. హెలికాప్టర్ ముందుకు వంగదు, టైం అయిపోతుంది.

జవాబు: 2003లో ఈ ఆట కంప్యూటర్‌కు వచ్చినప్పుడు అందరి దగ్గరా నిండు కీబోర్డులు ఉండేవి. హెలికాప్టర్‌ను వంచే కీలు కుడి వైపు నంబర్ ప్యాడ్ మీద పెట్టారు, మీ చిన్న ల్యాప్‌టాప్‌కు ఆ ప్యాడ్ లేదు. ఆప్షన్స్‌లో కంట్రోలర్ సెటప్, రీడిఫైన్ కంట్రోల్స్ తెరిచి ఆ కీలను మీ చేతికి అందే అక్షరాల మీదికి మార్చుకోండి. డిస్‌ప్లే సెటప్‌లో ఫ్రేమ్ లిమిటర్ (సెకనుకు ఎన్ని బొమ్మలు గీయాలో హద్దు పెట్టేది) ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. కొత్త మెషీన్‌లో అది ఆఫ్‌లో ఉంటే ఆట లెక్కలు తప్పుతాయి.

టైం లెక్క మొదటి బాంబు ఎత్తాకే మొదలవుతుంది. అందుకని ఎత్తకముందే ఖాళీ హెలికాప్టర్‌తో బాంబులు పెట్టాల్సిన కట్టడంలోకి వెళ్లి, అడ్డొచ్చే కూలీలను, తుపాకులు పట్టుకున్న కాపలావాళ్లను రెక్కలతో ఏరిపారేయండి. మెట్ల దారి కూడా కంటికి అలవాటవుతుంది. తర్వాత 4 బాంబులకూ టైం సరిపోతుంది.

ప్రశ్న: సూర్యాపేటలో మా ఇంట్లో పాత సీపీయూ పాడైంది. అన్నయ్య, నేను కలిసి ఆడిన వైస్ సిటీ సేవ్‌లు అందులోనే ఉన్నాయి. బయటికి తీయొచ్చా? ఇద్దరం కలిసి చివరి మిషన్ పూర్తి చేయాలని ఉంది.

జవాబు: బోర్డు పోయినంత మాత్రాన హార్డ్ డిస్క్ పోయినట్టు కాదు. డిస్క్ వెనక వెడల్పాటి పట్టీ కేబుల్ ఉంటే అది ఐడీఈ, సన్నని కేబుల్ ఉంటే సాటా. దానికి తగ్గ యూఎస్‌బీ అడాప్టర్ తీసుకోండి. డెస్క్‌టాప్ డిస్క్‌కు 12 వోల్టుల కరెంటు కావాలి కాబట్టి, పవర్ అడాప్టర్ కూడా కలిపి ఇచ్చేదే కొనండి. ల్యాప్‌టాప్‌కు తగిలించాక పాత మై డాక్యుమెంట్స్‌లో 'జీటీఏ వైస్ సిటీ యూజర్ ఫైల్స్' అనే ఫోల్డర్ వెతకండి, సేవ్‌లన్నీ అందులోనే ఉంటాయి. ఫోల్డర్ తెరవడానికి పర్మిషన్ అడిగితే కంటిన్యూ నొక్కండి. మొత్తం ఫోల్డర్‌ను ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, తర్వాతే కొత్త మెషీన్‌లో అదే పేరున్న ఫోల్డర్‌లో పెట్టండి. డిస్క్ లోపల టకటక చప్పుడు వస్తుంటే మాత్రం వెంటనే పవర్ తీసేసి, డేటా రికవరీ చేసేవాళ్లకు చూపించండి.