ఒకే నోట్లో పిల్లల్ని రెండుసార్లు లెక్కేశారు

ప్రశ్న: మాది పాలకొల్లు. వయసు 34. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో సూపర్‌వైజర్‌ని. జీతం చేతికి 42,000 వస్తుంది. ఇంటి ఖర్చు 31,000, బండి ఈఎంఐ 3,500, చిట్టీ 5,000. అది లక్ష చిట్టీ, ఇంకా 9 నెలలుంది. బ్యాంకులో 60,000, ఎఫ్‌డీ 1,20,000 ఉన్నాయి. ఆరేళ్లుగా ఇంట్లో మలావీ సిక్లిడ్స్ అనే అక్వేరియం చేపల్ని పెంచుతున్నాను. వాటితో కలిపి వేసిన కుకూ క్యాట్‌ఫిష్ అనే మరో రకం చేపకి ఈమధ్యే పిల్లలయ్యాయి. మేడ మీద గదిలో 12 ట్యాంకులు పెట్టి పిల్లల్ని అమ్మాలని ఉంది. 4 లక్షలవుతుంది. ఎఫ్‌డీ తీసేసి, మా ఆవిడ బంగారం మీద 9 శాతానికి 2 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి 80,000 తెద్దామనుకుంటున్నాను. మూడో నెల నుంచి సిక్లిడ్ పిల్లల మీద 10,000, క్యాట్‌ఫిష్ పిల్లల మీద 8,000 వస్తాయని లెక్క. బంగారం పెట్టడం మంచిదా, చిట్టీ పాడుకోవడం మంచిదా?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. మన గోదావరి జిల్లాల్లో చెరువు లీజుకి తీసుకునేవారి దగ్గర నుంచి మేడ మీద ట్యాంకు పెట్టేవారి దాకా అందరూ చేసే తప్పే మీరూ చేస్తున్నారు. రాబడిని అన్నీ కలిసొచ్చిన నెలను బట్టి లెక్కేస్తారు, కష్టకాలానికి దాచిన డబ్బు తీసి అందులో పోస్తారు.

ముందు ఆ 18,000 సంగతి చూద్దాం. సిక్లిడ్ తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని సుమారు మూడు వారాలు కాపాడుతుంది. కుకూ క్యాట్‌ఫిష్ సొంతంగా పిల్లల్ని సాకదు. సిక్లిడ్లు గుడ్లు పెట్టే సమయానికి మధ్యలో దూరి తన గుడ్లు వదులుతుంది. తల్లి వాటినీ నోట్లోకి తీసుకుంటుంది. కోకిల కాకి గూట్లో గుడ్లు పెట్టినట్టన్నమాట. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో జరిగే ఈ తంతును 1986లో జపాన్ పరిశోధకుడు టెట్సు సాటో ప్రపంచానికి తెలియజేశారు. క్యాట్‌ఫిష్ గుడ్లు ముందే పిల్లలవుతాయి. ఆ పిల్లలు తల్లి నోట్లోనే సిక్లిడ్ గుడ్లను, పిల్లల్ని తినేస్తాయి. అంటే క్యాట్‌ఫిష్ పిల్లలు బాగా వచ్చిన కాన్పులో సిక్లిడ్ పిల్లలు మిగలవు. ఆరేళ్లుగా పెంచుతున్నారు, ఇది నాకన్నా మీకే బాగా తెలుసు. అయినా కాగితం మీద అవే తల్లుల నుంచి 10,000, మళ్లీ 8,000 రాసుకున్నారు. కొన్ని ట్యాంకులు సిక్లిడ్లకే, కొన్ని రెండింటికీ అని విడగొట్టినా ఈ అంకె సగానికి పడిపోతుంది. పైగా క్యాట్‌ఫిష్ పిల్ల అమ్మే సైజుకి రావడానికే నెలలు పడుతుంది. మూడో నెల నుంచి డబ్బు రావడం జరగని పని.

ఇప్పుడు ఖర్చు వైపు. జీతంలో అన్నీ పోగా మీకు మిగిలేది 2,500. బంగారం మీద వడ్డీ నెలకు 1,500, చేబదులు వడ్డీ 1,600. మొత్తం 3,100. ఒక్క పిల్ల అమ్మకముందే, కరెంటు బిల్లు రాకముందే మీరు 600 లోటులో ఉంటారు. అసలు తీర్చే మాట ఇంకా ఎత్తనే లేదు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 'తెలిసినవాళ్లే' అన్న ధైర్యంతో తెచ్చిన అప్పు ఎన్ని ఇళ్లలో బంధుత్వాల్ని కూడా మింగేసిందో చూశాను. అది మాత్రం ముట్టుకోవద్దు. ఈపాటికే తెచ్చి ఉంటే, ట్యాంకులకు అడ్వాన్సు ఇవ్వకముందే తిరిగి ఇచ్చేయండి.

ఇక నేను పదేపదే చెప్పే మాట, అత్యవసర నిధి. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి మీకు నెలకు 34,500 కావాలి. ఆరు నెలలకు 2,07,000. చిట్టీ ఎలాగూ అయిపోతుంది కాబట్టి కలపలేదు. మీ దగ్గర ఇప్పటికే 1,80,000 ఉంది! ఇంకా 27,000 చేరిస్తే చాలు. ఈ వయసులో ఇంత దగ్గరికి వచ్చినవాళ్లు తక్కువ. ఆ రక్షణ గోడను మీ చేత్తో మీరే కూల్చేయబోతున్నారు.

ఆరు నెలలెందుకంటారేమో. మీ జీతం రొయ్య మీద ఆధారపడింది. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు మీ ప్లాంట్‌లో ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుచేసుకోండి. అదే ఏడాది అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మీకు పక్కనే, నరసాపురం దగ్గర తీరం దాటింది. తుపానుకి కరెంటు పోతే గాలి పంపులు ఆగుతాయి, ఫిల్టరులో మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది, నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది. సిక్లిడ్లకు పీహెచ్ 8 చుట్టూ ఉండే నీళ్లు కావాలి. అలాంటి నీళ్లలో అమ్మోనియా ఇంకా విషం. అంటే ప్లాంట్ మూతపడే వారంలోనే మీ ట్యాంకులూ పోవచ్చు. ఉద్యోగం, వ్యాపారం రెండూ ఒకే దెబ్బకి పోయే ఇంట్లో ఎఫ్‌డీ కూడా లేకపోతే ఆ నెల పాలవాడికి ఏమిస్తారు? మీ 4 లక్షల్లో ఇన్వర్టర్ ఖర్చు ఎక్కడా కనబడలేదు, అదీ చూసుకోండి.

నేనైతే ఇలా చేస్తాను. ఎఫ్‌డీ ముట్టుకోను. మిగిలే 2,500 నెలనెలా నిధిలో వేస్తాను. తొమ్మిది నెలల్లో 22,500 అవుతుంది. చిట్టీ పాడకుండా చివరిదాకా ఉంచుతాను. కమిషన్ పోను లక్షకు కాస్త తక్కువే చేతికొస్తుంది. అందులో 4,500 నిధికి వేస్తే అది నిండుతుంది. మిగతాదాంతో 12 కాదు, నాలుగు ట్యాంకులు, ఒక ఇన్వర్టర్. చిట్టీ రిజిస్టరైనదో కాదో మాత్రం ఈ వారమే చూసుకోండి. ఆ తొమ్మిది నెలలూ ఇప్పుడున్న ట్యాంకులోనే ఏ కాన్పులో ఎన్ని పిల్లలు, ఏ రకం, ఎంతకి అమ్మారు, వేసవిలో కాలువలు కట్టేశాక నీళ్లకి ఎంతయింది, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాయండి. నిజమైన రాబడి అందులో తేలుతుంది.

అలంకార చేపల యూనిట్లకు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సబ్సిడీ ఇస్తూ వచ్చారు, మహిళలకు 60 శాతం దాకా. అది ఇప్పుడూ ఉందా, మీ ఆవిడ పేరున వస్తుందా అని మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. బిల్లుల మీద మాత్రం 'ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్' అని రాయకండి. ఆ పేరుతో మన దేశంలో నిషేధించిన చేప వేరే ఉంది. మీ కుకూ క్యాట్‌ఫిష్‌కి సైనోడాంటిస్ మల్టీపంక్టేటస్ అని పూర్తి శాస్త్రీయ పేరు రాయండి.

ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. కంపెనీ ఇచ్చిందే ఉంటే, ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. బంగారం తాకట్టు ఆలోచన పక్కనపెట్టి, ఇంట్లో ఎవరెవరికి ఎంత కవర్ ఉందో నాకు రాయండి.