వకీలు లేకుండా విడాకుల కేసు నడుపుకోబోతున్న మేనకోడలికి

అమ్మా,

నీ ఉత్తరమూ, దానితో పంపిన పిటిషన్ చిత్తు ప్రతీ చదివాను. కేసు నువ్వే నడుపుకుంటానన్నావు. చాలా ఏళ్లు కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసినవాణ్ణి గనుక నిన్ను వద్దని భయపెట్టను. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం అక్కడ వకీలును పెట్టుకోవడం ఎవరికీ హక్కుగా రాదు కాబట్టి, సొంతంగా వచ్చేవాళ్లు ఆ కోర్టుకు కొత్త కాదు.

అయితే, మూడేళ్లుగా విడిగా ఉంటున్నాం గనుక విడాకులు వచ్చేస్తాయని రాశావే, అక్కడే పొరబడ్డావు. విడిగా ఉండటం ఒక్కటే హిందూ వివాహ చట్టంలో కారణం కాదు. బంధం మళ్లీ అతకనంతగా చెడిపోయిందని విడాకులిచ్చే అధికారం రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకుందని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది గానీ, అది కింది కోర్టులకు లేదు. నువ్వు హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లోని కారణాల్లో ఒకటి రుజువు చేయాలి. నీ విషయానికి పనికొచ్చేవి క్రూరత్వం, పరిత్యాగం (తగిన కారణం లేకుండా వదిలేయడం) మాత్రమే. పరిత్యాగమైతే పిటిషన్ వేసేనాటికి రెండేళ్లు ఎడతెగకుండా గడిచి ఉండాలి. ఇల్లు వదిలి వచ్చింది నువ్వేనని దిగులుపడకు. గడప దాటింది ఎవరన్నది కాక, దాటక తప్పని స్థితి కల్పించింది ఎవరన్నది కోర్టు చూస్తుంది.

ఇక నీ చిత్తు ప్రతిలోని ఐదో పేరా. "నన్ను మానసికంగా చాలా హింసించాడు" అన్న వాక్యం నా చేతుల మీదుగా పోయిన పిటిషన్లలో లెక్కలేనన్ని సార్లు చూశాను, అందుకే దానికి బరువు లేదు. దాన్ని కొట్టేసి, అర్ధరాత్రి నిన్ను బయటకు నెట్టి తలుపు గడియ వేసిన సంగతి తేదీతో రాయి. ఆ రాత్రి మీ అన్నయ్యకు నువ్వు చేసిన ఫోను, మర్నాడు అతను పంపిన మెసేజి ఆ వెంటనే రావాలి. పిటిషన్‌లో లేని సంగతిని తరువాత సాక్ష్యంలో చెబితే నిలవడం కష్టం. ఆ రాత్రి తరువాత కొన్నాళ్లు మళ్లీ కాపురం చేశావు కదా, దాన్నీ దాచకు. క్షమించావు గనుక క్రూరత్వం లేదని అవతలివాళ్లు వాదిస్తారు. తరువాత మళ్లీ ఏం జరిగిందో నువ్వే ముందు చెప్పి ఉంటే ఆ వాదన పలచబడుతుంది.

కేసు నువ్వు ఇప్పుడుంటున్న చోటే వేయవచ్చు, భార్యకు అదే చట్టం 19వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇచ్చింది. నోటీసు అందాక ముందుగా రాజీ ప్రయత్నం ఉంటుంది. కుదరకపోతే అతని కౌంటరు, అంటే రాతపూర్వక జవాబు, నీ ఛీఫ్ అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి రాసిచ్చే నీ సాక్ష్యం, ఆపైన క్రాస్ ఎగ్జామినేషన్, అంటే అవతలివాళ్లు నిన్ను ప్రశ్నించడం. వాయిదాకు నువ్వు రాకపోతే పిటిషన్ కొట్టేయవచ్చు, అతను రాకపోతే ఎక్స్‌పార్టీ అవుతాడు, అంటే అతను లేకుండానే కేసు నడుస్తుంది.

క్రాస్‌లో అడిగినదానికే జవాబు చెప్పి ఆగు. ఒకావిడ "ఔనండి" అంటే సరిపోయే ప్రశ్నకు పెళ్లి నాటి నుంచి మొదలుపెట్టి, తన పిటిషన్‌లోని తేదీకే విరుద్ధమైన తేదీ చెప్పడం నేను కూర్చున్న బల్ల ముందే జరిగింది. టైపు చేసిన వాంగ్మూలం పూర్తిగా చదివాకే సంతకం పెట్టు. తప్పుంటే అప్పుడే జడ్జిగారికి చెప్పు.

కేసు నడిచినన్నాళ్లు ఖర్చులకు, పోషణకు అదే చట్టం 24వ సెక్షన్ కింద వేరే దరఖాస్తు వేయి. దానితో ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇద్దరూ ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, అతని జీతం వివరాలు అక్కడ బయటపడతాయి. మధ్యలో అతను ఒప్పుకుంటే 13-బి కింద పరస్పర అంగీకారానికి మారవచ్చు. ఆ దారిలో పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన సందర్భంలో మాఫీ చేయవచ్చని 2017లో తీర్పు వచ్చింది. క్రాస్ దగ్గరకొచ్చేసరికి ధైర్యం చాలకపోతే న్యాయసేవాధికార సంస్థకు వెళ్లు, స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఐదో పేరా తిరగరాసి, ఆ మెసేజిల ప్రింట్లతో కలిపి నాకు పంపు. అది చూశాక మిగతా పేరాల సంగతి రాస్తాను.

మీ మామయ్య