గొల్లలు, కురుమలు ఒకటేనా?

కాదు. తెలంగాణలో ఇద్దరూ గొర్రెల కాపరులే, ఇద్దరికీ మల్లన్న కొలువు ఉంది, అయినా కులాలు వేరు. యాదవులుగా చెప్పుకొనే గొల్లలు తమ మూలాన్ని శ్రీకృష్ణుడి యదువంశంతో ముడిపెడతారు. అది విశ్వాసం, చరిత్రగా రుజువు చేయడం కష్టం.

కురుమల ప్రత్యేకత గొంగడి. నల్ల గొర్రెల ఉన్నిని వడికి, పడుగుకు, అంటే మగ్గంపై నిలువు దారాలకు, చింతగింజల గంజి పట్టించి నేస్తారు. వానకూ చలికీ కాపరికి అదే ఆసరా. వారి కులదైవం బీరప్ప. బీరప్ప కథను డోలు, తాళాల మధ్య ఒగ్గు కథ చెప్పే కళాకారులు రాత్రంతా చెబుతారు.

గొల్లల పెద్ద పండుగ చూడాలంటే సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లికి వెళ్లాలి. అక్కడి పెద్దగట్టుపై రెండేళ్లకోసారి మాఘమాసంలో శివుడి రూపంగా కొలిచే లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. గట్టంతా ‘ఓ లింగా’ అనే కేకలే. కొమురవెల్లి మల్లన్న పక్కన ఆయన భార్యగా కొలువైన కేతమ్మ కూడా గొల్లల ఆడపడుచే.